కాలాపానీ ముంగిట మూడు రోజులు

మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వారికి విమానం తలెత్తి చూసేదే గాని ఎక్కి దిగేది కాదు. పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ చెంత ఒక రన్‌వే ఉంది. 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానాలు అక్కడికి వచ్చిపోయేవి. అవి ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. ఆదిలాబాద్ పట్టణాన్ని ఆనుకొని నిజాం కాలపు విమాన మైదానం ఉంది. అక్కడ ప్రయాణికుల విమానం దిగే రోజు కోసం జనం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. అందుచేత విమానాశ్రయం అనగానే మావారి మనసులో మెదిలేవి రెండే దృశ్యాలు: గల్ఫ్‌కు వెళ్లే కొడుకును సాగనంపుతూ కొంగుతో కళ్లు తుడుచుకునే తల్లి, ఇహ్రామ్ వస్త్రాలు సర్దుకొని హజ్‌కు బయలుదేరే వృద్ధ దంపతులు. ఒకటి జీవనోపాధి కోసం, మరొకటి దైవప్రసన్నత కోసం. కేవలం విహారం కోసం జనం వేల సంఖ్యలో దిగే విమానాశ్రయాన్ని యాభై దాటే వరకు మేము చూసి ఎరుగము.

హిజ్రీ 1446 షాబాన్ నెలలో, అనగా 2025 ఫిబ్రవరిలో, ఆ అవకాశం కలిగింది. అయితే మేము విహారానికి వెళ్లలేదు. ఒక తండ్రికి తోడుగా వెళ్లాము.

నిర్మల్‌లో దర్జీ పని చేసుకొని జీవించే ఆ పెద్దమనిషి కుమారుడు ఒకప్పుడు మా మదరసాలో హిఫ్జ్ విద్యార్థి. పదిహేడు పారాలు కంఠస్థం చేశాక ఇంటి పరిస్థితులు కలిసిరాక చదువు మానేశాడు. కొన్నాళ్లు హైదరాబాద్‌లో పనిచేసి, ఆ తరువాత అండమాన్ దీవులకు వెళ్లాడు. చలికాలమంతా క్రమం తప్పక ఇంటికి డబ్బు పంపేవాడు. వానాకాలం వచ్చేసరికి డబ్బు ఆగిపోయింది. కొన్ని వారాలకు ఫోను కూడా ఆగిపోయింది. తండ్రి మా వద్దకు వచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు. అప్పుడు మేము, "ఖుర్ఆన్‌నే సగంలో వదిలినవాడు తల్లిదండ్రులను వదలడా?" అన్నాము. మదరసా వరండాలో విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు పెద్దలు వింటుండగానే అన్నాము. ఆయన ఏమీ అనలేదు. చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు.

కొన్ని నెలల తరువాత కుమారుడి నుంచి మళ్లీ ఫోను వచ్చింది, డబ్బు వచ్చింది. కాని ఆ మధ్యలో ఏం జరిగిందో అతడు చెప్పలేదు. మా వార్షిక పరీక్షలు ముగిసిన వారం ఆ తండ్రి మళ్లీ వచ్చి, "మౌలానా సాబ్, ఒకసారి వెళ్లి వాడిని చూసి వద్దామనుకుంటున్నాను. మీరు తోడుంటే వాడు మాట వింటాడు" అన్నాడు. ఎవరి టికెట్టు ఖర్చు వారే పెట్టుకోవాలన్న షరతుపై ఒప్పుకున్నాము.

శంషాబాద్ విమానాశ్రయంలో ఫజ్ర్ నమాజు చేసుకొని విమానం ఎక్కాము. మా ముందు వరుసలలో కొత్తగా పెళ్లయిన జంటలు. వధువుల చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. పిల్లలతో వచ్చిన కుటుంబాలు, నీళ్లలో ఆడుకునే రబ్బరు బొమ్మలు, ఎండ టోపీలు. వారి మధ్య గడ్డాలతో, కుర్తాలతో మేమిద్దరమూ పెళ్లిపందిట్లోకి పొరపాటున వచ్చినవారిలా ఉన్నాము. దర్జీగారి ఒడిలో ఒక బట్టసంచి. అందులో తల్లి చేసి పంపిన తీపి బిస్కెట్లు, ఆయన స్వయంగా కుట్టిన ఒక చొక్కా. "కొలతలు పాతవే. ఊరొదిలి వెళ్లేటప్పుడు తీసుకున్నవి" అన్నాడు.

హైదరాబాద్ నుంచి ఆ దీవికి సుమారు 1,650 కిలోమీటర్లు. విమానంలో రెండున్నర గంటలైనా పట్టదు. చెన్నై నుంచో విశాఖపట్నం నుంచో ఓడలో వెళితే మూడు రోజుల ప్రయాణం. మేము కిటికీలోంచి కిందికి చూస్తూ కూర్చున్నాము. నీలం తప్ప మరేమీ లేదు. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత, 1858 మార్చి 10న, ఆంగ్లేయ అధికారి డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఈ దీవులలో దిగాడు. నాటి నుంచి ఈ నీటికి కాలాపానీ అని పేరు. మా తాతల తరం ఆ పేరు చెప్పి పిల్లలను భయపెట్టేది. నేడు అదే నీటిని చూసి ముందు వరుసలోని పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. కాలాన్ని మార్చేవాడు అల్లాహ్ ఒక్కడే.

నీలిమధ్యలో పచ్చని కొండలు తేలి వచ్చాయి. విమానం ఒక పక్కకు ఒరిగి, ఇళ్ల కప్పులకు దగ్గరగా దిగి ఆగింది. ఆ రన్‌వే గురించి తరువాత స్థానికులు ఒక సంగతి చెప్పారు. ఒక చివర కొండ అడ్డుగా ఉండడం చేత విమానాలు సాధారణంగా ఒకే దిక్కు నుంచి వచ్చి దిగుతాయి, బయలుదేరేటప్పుడు ఆ దిక్కుకే తిరిగి ఎగురుతాయి. వచ్చిన తోవనే పోవాలి. రన్‌వే నౌకాదళం అధీనంలోనిది. ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోష్ అనే ఆ స్థావరంలో ఒక భాగమే ప్రయాణికులకు కేటాయించినది. అందుచేత విమానాలు చాలావరకు ఉదయం పూటే వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోతాయి. ఊరి దినచర్య కూడా దానికి తగినట్టే సాగుతుంది. పొద్దున్నే కార్లన్నీ విమానాశ్రయం దారి పడతాయి. అసర్ వేళకు ఆ దారి ఖాళీ అవుతుంది.

2002లో ఈ విమానాశ్రయానికి వీర్ సావర్కర్ పేరు పెట్టారు. కొత్త టెర్మినల్‌ను 2023 జూలై 18న ప్రారంభించారు. దాదాపు 710 కోట్ల రూపాయలతో, 40,800 చదరపు మీటర్ల విస్తీర్ణంలో, సముద్రపు గవ్వను తలపించే ఆకారంలో కట్టారు. పైకప్పు గుండా పగటి వెలుతురు లోపలికి దిగుతుంది. ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా నిర్మించారట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులన్నింటి జనాభా కలిపినా 3 లక్షల 80 వేలే. ఇంటివారు నలుగురు, అతిథులు యాభై మంది అన్నట్టుంది లెక్క. ఊరి పేరు కూడా 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీ విజయపురంగా మారింది. అయినా టాక్సీవారి నోట పాత పేరే వినబడింది.

సీజను కోసం కట్టిన విమానాశ్రయాలు లోకంలో మరికొన్ని ఉన్నాయి. మనకు ఎక్కువ తెలిసినది జిద్దాలోని హజ్ టెర్మినల్. 1981లో ప్రారంభమైన ఆ టెర్మినల్ పైకప్పు గుడారాల వరుసల్లా ఉంటుంది. దానికి రూపమిచ్చిన ఇంజనీర్లలో ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ముఖ్యుడు. ఆయన 1982లో జిద్దాలోనే మరణించాడు. అక్కడ దిగినవారందరి తలంపు ఒక్కటే, వస్త్రం ఒక్కటే. ఇక్కడ దిగినవారి తలంపులు ఎన్నో. అయితే రెండు చోట్లా ఒక పోలిక ఉంది. వచ్చినవారు తమ రోజులు పూర్తి చేసుకొని వెళ్లిపోతారు. వారికి నీళ్లు అందించినవారు, సామాను మోసినవారు, దారి చూపినవారు అక్కడే ఉండిపోతారు. వచ్చినవారు వారి ముఖాలు గుర్తుంచుకోరు.

బయటి ద్వారం దగ్గర పేర్లు రాసిన అట్టలు పట్టుకొని ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు. మా విద్యార్థి వారిలోనే కనబడ్డాడు. తెల్లచొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఎవరో కొత్త దంపతుల పేరు రాసిన అట్ట. తండ్రిని చూడగానే ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. దూరం నుంచే సలాం చేశాడు. అంతలో ఆ దంపతులు వచ్చారు. వారి సామాను బండిలోకి ఎక్కించి, మా వైపు చేయి ఎత్తి, "కాసేపు కూర్చోండి" అన్నట్టు సైగ చేసి వెళ్లిపోయాడు.

మేము గంటకు పైగా అక్కడే కూర్చున్నాము. దర్జీగారి ముఖం చిన్నబోయింది. "రెండేళ్లకు వచ్చిన తండ్రి కంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లే ఎక్కువయ్యారా మౌలానా సాబ్?" అన్నాడు. మేము బదులు చెప్పలేదు. నిజం చెప్పాలంటే మా మనసులోనూ అదే మాట మెదిలింది. వరండాలో నోరు జారిన మనిషి ఆ గంటసేపు మాలో సజీవంగానే ఉన్నాడు.

అతడు పరుగున తిరిగివచ్చి తండ్రి చేతులు కళ్లకద్దుకున్నాడు. "అబ్బా, ఒక్క పికప్ తప్పిపోతే ఆ రోజు కూలీ పోవడమే కాదు, మరునాడు నా చోట ఇంకొకడు నిలబడతాడు" అన్నాడు. తరువాత మా వైపు తిరిగి, "హజ్రత్, మన్నించండి" అన్నాడు. మేము తల ఊపాము. మన్నింపు కోరవలసినది తానో, మేమో అప్పటికి అతనికి తెలియదు.

అతడుండే గది మత్స్యకారులుండే జంగ్లీఘాట్ ప్రాంతంలో ఉంది. అక్కడికి చేరేసరికి చుట్టూ తెలుగు వినబడి మాకు ఆశ్చర్యం కలిగింది. 2011 లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలవారు. వల అల్లుతున్న ఒక వృద్ధ మత్స్యకారుడు మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీరు మన నిర్మల్ పిల్లోడి మనుషులా?" అన్నాడు. వెయ్యి మైళ్ల అవతల 'మన' అన్న మాట విని దర్జీగారు సంచి కింద పెట్టి అక్కడే కూర్చున్నాడు.

మగ్రిబ్ వేళ మా గడియారాలు మమ్మల్ని మోసగించాయి. దేశమంతటికీ ఒకటే సమయమైనా, ఈ దీవులు మా ఊరికి తూర్పున ఎంతో దూరం గనుక ఇక్కడ సూర్యుడు సుమారు గంట ముందే ఉదయిస్తాడు, ఐదున్నరకే అస్తమిస్తాడు. మేము వజూ చేసుకుందాం అనుకునేలోగా అజాన్ వినబడింది. నమాజు వేళను నిర్ణయించేది మన చేతి గడియారం కాదు, అల్లాహ్ నడిపించే సూర్యుడే. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠాన్ని ఆ రోజు మేము కొత్తగా నేర్చుకున్నాము.

ఆ రాత్రి ఇషా తరువాత అతడు తన వానాకాలం కథ చెప్పాడు. దీవులకు సీజను అక్టోబరు నుంచి మే వరకు. డిసెంబరు, జనవరి నెలల్లో ఊపిరి సలపనంత పని. మే చివర నైరుతి రుతుపవనాలు వస్తాయి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. మా కరీంనగర్ వానకు దాదాపు మూడింతలు. సముద్రం పొంగితే హావ్‌లాక్, నీల్ దీవులకు వెళ్లే పడవలు ఆగిపోతాయి. ఆ దీవులకే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు. పడవలు ఆగితే పర్యాటకులు రారు. పర్యాటకులు రాకపోతే విమానాశ్రయం దగ్గర అట్ట పట్టుకునే చేతులతో ఎవరికీ పని ఉండదు. ఆ ఏడు సీజను ముగియగానే అతని యజమాని రెండు నెలల జీతం బాకీ పెట్టి, అక్టోబరులో చూద్దామన్నాడు. గది అద్దె కోసం అతడు ఫోను అమ్మేశాడు. తెల్లవారకముందే చేపల రేవుకు వెళ్లి బుట్టలు మోశాడు. వచ్చిన కూలి తిండికి, అద్దెకు సరిపోయింది. ఇంటికి పంపడానికి మిగల్లేదు. "ఏమని చెప్పను హజ్రత్? అండమాన్‌లో విమానాశ్రయంలో పని అని ఊరంతా చెప్పుకున్నారు. చేపల బుట్టలు మోస్తున్నానని ఎలా చెప్పను?"

దర్జీగారు లేచి సంచిలోని చొక్కా తీసి కుమారుడికి తొడిగాడు. చేతులు సరిపోయాయి. భుజాల దగ్గర చొక్కా బిగుసుకుపోయింది. ఆయన కుట్టు మీద వేలు పెట్టి చూసి, "రెండంగుళాలు పెరిగాయి" అన్నాడు. మరేమీ అనలేదు. జీవితమంతా మనుషులను కొలిచిన చేయి అది. ఆ చేతికి కథ అంతా అర్థమైంది. మేము ముఖం పక్కకు తిప్పుకున్నాము. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమవుతాయని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో హెచ్చరిస్తుంది. ఆ సూరాను మేము ఎందరికి బోధించామో లెక్కలేదు.

మరునాడు అతనికి మధ్యాహ్నం వరకు పని. మేమిద్దరమూ ఊరు చూడడానికి బయలుదేరాము. భూమిలో సంచరించి పూర్వులకు ఏమైందో చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల ఆదేశిస్తుంది. ఆ ఆదేశం ఎరిగినవారికి ఈ దీవిలో చూడవలసినవి చాలా ఉన్నాయి. సెల్యులార్ జైలు ముందు జనం బారులు తీరి ఉన్నారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి నాడు ఏడు బారకులు. నేడు మూడు మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర వంటి మన తెలుగు మన్యం వీరులు కూడా అండమాన్ శిక్ష అనుభవించినవారే. కాలాపానీ అంటే ఆ జైలే అని చాలామంది అనుకుంటారు. దాని పునాది వేయడానికి ముప్పై ఎనిమిదేళ్ల మునుపే ఈ దీవులకు ఖైదీలను తెచ్చారు. వారు సంకెళ్లతో అడవులు నరికారు, చిత్తడి నేలలు పూడ్చారు, జ్వరాలతో మరణించారు.

వారిలో ఉలమా ఎందరో ఉన్నారు. అల్లామా ఫజ్ల్-ఎ-హఖ్ ఖైరాబాదీ 1859లో ఇక్కడికి వచ్చి 1861లో ఇక్కడే కన్నుమూశారు. 1857 సంఘటనలపై అరబీలో ఆయన రాసిన గ్రంథం ఈ చెరలో పుట్టినదే. మౌలానా జాఫర్ థానేసరీ పద్దెనిమిదేళ్లు శిక్ష అనుభవించి, 1883లో విడుదలై ఆ అనుభవాలను పుస్తకంగా రాశారు. 1921 మలబారు తిరుగుబాటు తరువాత మాప్పిళ్ల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. దక్షిణ అండమాన్‌లో కాలికట్, తిరూర్, మన్నార్‌ఘాట్ అనే ఊళ్లున్నాయి. తిరిగి వెళ్లలేనివారు తమ ఊరి పేర్లను వెంట తెచ్చుకున్నారు.

మన తెలంగాణ నేల నుంచి వచ్చినవారు మౌల్వీ అలావుద్దీన్. 1857 జూలై 17, శుక్రవారం నాడు హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి ఆయన నాయకత్వం వహించారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ సమీపంలో కాల్చిచంపారు. అదే ఏడు మౌల్వీగారికి ద్వీపాంతరవాస శిక్ష పడింది. ఆయన ఈ దీవులలోనే మరణించారు. దర్జీగారు అంతా విని, "మా నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయనతో ఉన్న గోండులను, రోహిల్లాలను మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి ఉరుల మర్రి అంటారు. ఆ చెట్టు పేరైనా మిగిలింది. ఈయనకు ఇక్కడ ఏం మిగిలింది?" అని అడిగాడు. మేము అబర్డీన్ బజారులో, మసీదులో, టాక్సీ స్టాండులో అడిగి చూశాము. అల్లామా ఖైరాబాదీ సమాధి సంగతి చెప్పగలిగారు గాని, హైదరాబాద్ మౌల్వీ పేరు విన్నవారు మాకు తారసపడలేదు.

నిజానికి మమ్మల్ని మేమే అడగవలసిన ప్రశ్న అది. ముప్పై ఏళ్లుగా మదరసాలో పాఠాలు చెబుతున్నాము. రెసిడెన్సీపై దాడి జరిగిన ఆ ఒక్క శుక్రవారం గురించి ఆగస్టు 15న ప్రసంగాలు చేశాము. తరువాతి ఏళ్లలో ఆయన ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, ఎన్ని రంజాన్లు ఒంటరిగా గడిపారు అని ఒక్కనాడూ ఆలోచించలేదు. మనిషి వెలుగులో ఉన్న రోజునే చూసి, చీకటి రోజుల లెక్క వదిలేయడం మన అలవాటు. దీవిని సీజనులో చూసి వెళ్లే పర్యాటకుడిదీ అదే అలవాటు. ఒక కుర్రవాడు డబ్బు పంపిన నెలలలో వాడిని మంచివాడని, పంపని నెలలలో చెడ్డవాడని తీర్పు చెప్పిన మా అలవాటు కూడా అదే. సముద్రం వైపు నిలబడి ఆ మౌల్వీగారి కోసం, పేరు తెలియని ఖైదీలందరి కోసం మగ్ఫిరత్ దుఆ చేశాము. సమాధి ఎక్కడుందో అల్లాహ్‌కు తెలుసు. దుఆకు చిరునామా అవసరం లేదు.

సాయంత్రం అదే మసీదులో ఒక వృద్ధుడు విమానాశ్రయం కథ చెప్పాడు. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు వరకు దీవులు జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. తొలి రన్‌వే ఆ రోజులలోనే, స్థానికుల చేత బలవంతపు చాకిరీ చేయించి వేసినదట. 2004 డిసెంబరు 26న, సరిగ్గా సీజను నడుమ, భూకంపం వచ్చి వెంటనే సునామీ వచ్చింది. రన్‌వే పగుళ్లు బారింది. అయినా సహాయ సామగ్రి తెచ్చిన విమానాలు దానిమీదే దిగాయి. నికోబార్ నుంచి సర్వం కోల్పోయినవారిని తెచ్చి దింపినదీ ఇక్కడే. "పర్యాటకులు అప్పటికే వెళ్లిపోయారు సాబ్. మేమున్నాం, మా మసీదుంది, మా మీదుగా విమానాలున్నాయి" అన్నాడాయన. గవ్వలా మెరిసే ఆ టెర్మినల్ ముందున్న రన్‌వే మీద ఎందరి చెమట, ఎందరి కన్నీరు ఇంకిందో పైనుంచి దిగే ప్రయాణికుడికి ఎలా తెలుస్తుంది?

ఆ రాత్రి మా విద్యార్థి మా పక్కన వచ్చి కూర్చొని నెమ్మదిగా అన్నాడు: "హజ్రత్, పదిహేడు పారాలలో మూడు పట్టు తప్పాయి. పద్నాలుగు ఉన్నాయి. వానాకాలంలో పని లేని రోజుల్లోనే ఎక్కువ చదువుకోగలిగాను." వినిపించమన్నాము. ఒక పారా పూర్తిగా వినిపించాడు. రెండుచోట్ల మాత్రమే తడబడ్డాడు. చేపల బుట్టలు మోసిన మనిషి, ఫోను అమ్ముకున్న మనిషి, ఖుర్ఆన్‌ను మాత్రం వదల్లేదు. మేము మదరసా వరండాలో ఏమని తీర్పు చెప్పామో అప్పుడు అతనికి చెప్పాము. తండ్రి ఎదుటనే చెప్పి క్షమాపణ అడిగాము. "ఉస్తాద్ నోట అలాంటి మాటలా హజ్రత్?" అని కంగారుపడి మా చేతులు పట్టుకున్నాడు. తండ్రి మాత్రం, "ఆ మాట నలుగురిలో అన్నారు మౌలానా సాబ్" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెప్పాడు.

మూడవ రోజు ఉదయం విమానాశ్రయంలో అతడు మళ్లీ తన చోటులో, అట్ట పట్టుకొని నిలబడ్డాడు. ముగ్గురమూ కలిసి ముందే ఒక నిర్ణయానికి వచ్చాము. మే వరకు ఇక్కడ పనిచేస్తాడు. వాన మొదలవగానే ఇంటికి వస్తాడు. పని లేని ఆ నెలలు మదరసాలో గడుపుతాడు. అక్టోబరులో తిరిగి వెళ్తాడు. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే అతడు ఎవరి పేరో ఎత్తి చూపుతున్నాడు. భుజాల కుట్టు విప్పి సరిచేసిన చొక్కానే తొడుక్కున్నాడు. ఆ పని తండ్రి రాత్రికి రాత్రే చేసిపెట్టాడు.

విమానం వచ్చిన దిక్కుకే ఎగిరింది. ఈ లోకంలో బాటసారివలె జీవించమని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఉపదేశించారు. బాటసారికి తాను దిగిన ఊరి మీద హక్కు లేకపోవచ్చు గాని, ఆ ఊరివారి పట్ల బాధ్యత ఉంటుంది. పాఠక సోదర సోదరీమణులారా! మీలో ఎవరైనా ఆ దీవికి విహారానికి వెళితే, ద్వారం దగ్గర మీ పేరు పట్టుకొని నిలబడిన వ్యక్తి పేరు కూడా అడగండి. వానాకాలంలో ఏం చేస్తావని అడగండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరి నుంచైనా కబురు ఆగిపోతే తీర్పు చెప్పకముందు వెతుక్కుంటూ వెళ్లండి.

కరీంనగర్ చేరిన మరునాడే మా వరండాలో, ఆనాడు విన్నవారిలో దొరికినంత మందిని కూర్చోబెట్టి, మేము అన్న మాట అబద్ధమని చెప్పాము. కొందరు అప్పటికే ఊళ్లకు వెళ్లిపోయారు. వారికి చేరాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

ఇప్పుడు బయట వాన పడుతోంది. అతడు వచ్చి మూడు వారాలైంది. పట్టు తప్పిన మూడు పారాలు కుదిరాయి. నిన్న ఫజ్ర్ తరువాత పద్దెనిమిదవ పారా మొదలుపెట్టాడు. అల్లాహ్ దానిని పూర్తి చేయించుగాక! మా నాలుకలను అదుపులో ఉంచుగాక! ఆమీన్.